బోర్డు మీది అంకె

గ్రెబ్‌టన్, అమెరికాలో నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న పట్నం. రైలు వచ్చిన ఏడాది పుట్టింది, రైలు ఆగిపోయాక కూడా బతికింది. అక్కడ మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. ఎవరింట్లో మనిషి పోతే ఆ ఇంటివాళ్లే నిచ్చెన తీసుకెళ్లి, ఊరి మొదట్లో ఊరి పేరు కింద జనాభా రాసి ఉండే బోర్డు మీద ఆ అంకెని ఒకటి తగ్గించి రాయాలి.

ఇప్పుడు ఆ పని ఎవరూ చెయ్యడం లేదు. పోయినవాళ్లని అనుకరించే యంత్రాలు వచ్చాక, వాళ్ల గొంతులు ఇంటింటా ఆ పెట్టెల్లోంచి మాట్లాడుతున్నాయి. మాట్లాడేవాళ్లంతా జనాభా కిందే లెక్కని చట్టం కూడా వచ్చింది.

వెల్డా భర్త రాయ్ పోయి నెలయింది. ఆ ఉదయం పెట్టెలోంచి రాయ్ గొంతు, "కాఫీలో పంచదార తగ్గించు వెల్డా" అంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా రాయ్, మూడు చెంచాలకు తక్కువైతే కప్పు ముట్టుకునేవాడు కాదు.

నిచ్చెన, రంగు డబ్బా తీసుకుని ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. మేయర్ డ్వేన్ పరుగెత్తుకొచ్చాడు.

"దిగండి వెల్డా గారూ. ఎనిమిది వందలకి ఒక్కటి తగ్గినా మన పట్నం హోదా తీసేస్తారు."

"ఆ ఎనిమిది వందల్లో ఊపిరి పీల్చేవాళ్లెంతమంది?"

"నూట అరవై ఉంటారేమో."

"మా ఆయన ముప్పయ్యేళ్లు ఈ ఊరి బడి బస్సు నడిపాడు. నిన్నూ ఎక్కించుకెళ్లాడు. ఆయన చచ్చిపోయాడని రాయడానికి నీ అనుమతి కావాలా?"

ఆమె ఎనిమిది వందలు కొట్టేసి, ఏడు వందల తొంభై తొమ్మిది వేసింది. డ్వేన్ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి తల దించుకుని, "మా అమ్మని కూడా తీసెయ్యండి" అన్నాడు.

వెల్డా కిందికి దిగి, కుంచె అతని చేతిలో పెట్టింది.

"మీ అమ్మని నువ్వే తియ్యాలి."