తాబేళ్ళ వెనక తాళం

ఉద్యోగం ఊడిన లోసలిని అనే ఆవిడ, ఫిజీలోని సువా ఊళ్ళో తన ఆఫీసులో ఆఖరిసారి అందరికీ కర్రపెండలం కేకు పంచింది.

"కంప్యూటర్ తెరకి తాళం వేసే టీకి పోయాననుకున్నా తమ్ముడూ. మతిమరుపు మొహాన్ని! ఎవడో నా సీట్లో కూర్చుని అందరి జీతాలూ బయటపెట్టాడు."

"ఊరుకో అక్కా" అన్నాడు, ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే సెమీ. కేకు ముక్క బల్ల మీద పెట్టేశాడు.

ఆఫీసులోని మూడు రకాల కంప్యూటర్లకీ తాబేళ్ళు ఈదుతుంటే వెనక తెరకి తాళం వేసే స్క్రీన్‌సేవర్ ప్రోగ్రాంని తయారుచేసింది, అంటే బిల్డ్ చేసింది, అతనే. లోసలిని వాడే పాత రకం కంప్యూటర్ మీద తాళం భాగం దగ్గరే ఎర్రర్ వస్తుంటే, విసిగి, తాళం లేకుండా బిల్డయ్యే ఆప్షన్ పెట్టేశాడు; ఆమె తాళం వేసినా తాబేళ్ళు వచ్చేవి గానీ తాళం పడేది కాదు. ఎవరికీ చెప్పలేదు.

ఆమె గేటు దాటగానే ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అప్పట్లో ఎర్రర్ తెప్పించిన, ఆ కంప్యూటర్‌లో లేని ఫైలుని వెతికి తెచ్చి, ఆప్షన్ మార్చి, మళ్ళీ బిల్డ్ చేశాడు. అరగంట పట్టింది, అంతే. తాబేళ్ళు ఈదాయి. మీట నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

ఇక ఎవరొచ్చి పరీక్షించినా, తప్పు లోసలినిదే.