వెనక చక్రాలు

“ఈ కారుకి బలమంతా వెనక చక్రాల్లోనే ఉంటుంది సార్. ముందువి దారి చూపిస్తాయి, తోసేవి మాత్రం వెనకవి. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కారనుకోండి, తల నిలిచిపోయి తోక ముందుకొచ్చేస్తుంది,” అన్నాడు టైర్ల మేస్త్రీ.

బల్లకి అవతల కూర్చున్న మనిషి ఆ మాట కూడా చీటీ మీద రాసుకున్నాడు. నలభై దాటని వయసు. ఇస్త్రీ చొక్కా, నిద్రలేని కళ్ళు. కారు తీసుకురాలేదు. టైర్ల మీది అంకెల్ని ఫోనులో ఫొటో తీసుకుని, కారు మధ్యాహ్నం వస్తుందని చెప్పి, షాపు తలుపులు తీస్తుండగానే వచ్చి కూర్చున్నాడు. అతను వచ్చి అప్పుడే గంటసేపు దాటింది.

మేస్త్రీ మూడు టైర్లు దొర్లించుకొచ్చి గోడకి ఆనించాడు.

“ఇది గట్టి రబ్బరు. ఓ పట్టాన అరగదు, కానీ వానలో దీన్ని నమ్మలేం. ఇది కుర్రకారు సరుకు. పొడి రోడ్డుని జలగలా పట్టుకుంటుంది, తడి తగిలితే నీరుగారిపోతుంది. మూడోది ఇదిగో, గాడి చూడండి ఎంత లోతో. నీళ్ళని పక్కకి చిమ్మేస్తుంది. కాకపోతే తొందరగా అరుగుతుంది.”

“తోలే మనిషి దూకుడైతే?”

మేస్త్రీ మీసాల్లో నవ్వుకున్నాడు. తమ జబ్బుని పక్కింటివాడి జబ్బుగా చెప్పుకునే వాళ్ళని ఆయన ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు.

“దూకుడు తగ్గించుకోవాలి సార్. టైరేమన్నా దేవుడా?”

“అది నా చేతిలో లేదండీ.”

“స్టీరింగు పట్టుకుని చేతిలో లేదంటే ఎలా సార్?” అని కసిరాడు మేస్త్రీ.

అతను చీటీలోకి చూసుకుంటూ, “వెనక సీట్లో పాప ఉంటుంది. ఏడేళ్ళు. రేపు ఘాట్ రోడ్డు ఎక్కాలి. పైన వారం నుంచీ వానలట. మూడోదే వెయ్యండి, నాలుగు చక్రాలకీ,” అన్నాడు. చీటీ మడుస్తూ, “ఎన్నాళ్ళు వస్తాయి?” అని అడిగాడు.

“వెనకవి మహా అయితే ఏడాదిన్నర. అప్పుడు మళ్ళీ రండి, చూద్దాం.”

“అప్పుడు చూసుకోడానికి నేనుండనండీ.”

టైరు తుడుస్తున్న మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. అతని మొహంలోకి మళ్ళీ చూశాడు. చెల్లెలి మొగుడు గుర్తొచ్చాడు. డాక్టర్లు పెదవి విరిచాక ఆ మనిషి కూడా ఇంతే. వానకి కురిసే ఇంటికప్పు బాగుచేయించాడు, కొత్త పొయ్యి కొన్నాడు, పిల్లల పుస్తకాలకి అట్టలేశాడు. అన్నీ అమర్చి మరీ పోయాడు. మేస్త్రీ టీ తెప్పించి అతని ముందు పెట్టాడు. అది అలాగే చల్లారిపోయింది.

రెండింటికి నల్లటి పొడుగాటి కారొచ్చి ఆగింది. నడుపుతున్నావిడ ఇంజను ఆపకముందే వెనక తలుపు తెరుచుకుంది.

“నాన్నా!” అంటూ పాప పరుగెత్తుకొచ్చి అతని మెడకి వేలాడింది. ముందు పళ్ళు రెండు లేవు. అతను కళ్ళు మూసుకుని, చాలాసేపు దించలేదు.

మేస్త్రీ కారుని జాకీ మీద లేపి చక్రాలు విప్పాడు. వెనకవి బోడిగుండులా ఉన్నాయి. ముందువి బయటి అంచుల్లో చెక్కేసినట్టు అరిగిపోయాయి. జాలిపడిన మనిషి మీదే మళ్ళీ కోపం ముంచుకొచ్చింది.

“చూశారా సార్? టైరు అబద్ధమాడదు. మలుపు దగ్గర కూడా కాలు బ్రేకు మీదికి పోదు. కడుపున పుట్టిన పిల్లని వెనక కూర్చోబెట్టుకుని తోలే తోలుడేనా ఇది?”

అతను తలొంచుకున్నాడు. ఆవిడ రోడ్డు వైపు చూస్తూ, “చెప్తే వినే మనిషైతే కదా,” అంది మెల్లగా.

బిగింపు అయ్యాక అతను ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని, గాడిలో బొటనవేలు పెట్టి చూశాడు. గాలి రెండుసార్లు కొలిపించాడు. పాపని వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు తనే పెట్టాడు.

“మొదటి రెండొందల కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి. రబ్బరు రోడ్డుకి అలవాటుపడాలి,” అన్నాడు మేస్త్రీ.

“గుర్తుంటుందా?” అని అతను ఆవిణ్ణి అడిగాడు.

“గుర్తుంటుంది.” ఆవిడ స్టీరింగు దగ్గర కూర్చుని కాస్త తటపటాయించింది. “ఇంకెన్నాళ్ళిలా? ఇకనైనా మీ సంగతి మీరు చూసుకోండి.”

“ఇదే ఆఖరు.”

“నాన్నా, కొత్తింటికి నువ్వెప్పుడొస్తావ్?” అంది పాప కిటికీలోంచి.

“ముందు నువ్వెళ్ళి నీ గది సర్దుకో. బొమ్మలన్నీ ఒక్క అరలో కుక్కెయ్యకు,” అన్నాడతను. వస్తానని మాత్రం అనలేదు.

మేస్త్రీ అతన్ని నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళి భుజమ్మీద చెయ్యేశాడు.

“ఇందాక నోరుజారాను, ఏమనుకోకండి. ధైర్యం చెడకండి బాబూ. ఈ రోజుల్లో మందు లేని జబ్బంటూ లేదు.”

“దీనికి లేదులెండి,” అన్నాడతను.

మేస్త్రీ బల్ల సొరుగులోంచి గ్యారంటీ కార్డు తీశాడు. టైర్ల నంబర్లు ఒక్కొక్కటే రాశాడు. “ఇది కారులోనే ఉండాలి. యజమాని అన్నచోట మీ పేరు రాస్తాను, చెప్పండి.”

అతను స్టీరింగు దగ్గర కూర్చున్నావిడ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

“నాది కాదండీ, ఆవిడ భర్త పేరు రాయండి.”