పక్క ముక్క

"గాజుపలక మీద రెండు ముక్కలున్నాయేంటమ్మా? మా ఆవిడ రొమ్ములోంచి తీసింది ఒకటేగా! ఎవరి గడ్డో తెచ్చి మా నెత్తిన రుద్దారా?"

రొమ్ము క్యాన్సరుకిచ్చే హార్మోను మాత్రలు భార్యకు పనిచేయవని రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి పెద్దాయనకు ఆ ల్యాబు మీద గురి పోయింది. వేరేచోట చూపిస్తానని పలక అడిగి తీసుకున్నాడు.

ల్యాబు డాక్టరమ్మ నవ్వింది. "రెండోది మేం పెట్టిందే పెద్దనాన్నా, రంగు తిరిగి తీరుతుందని ముందే తెలిసిన ముక్క. అది గోధుమరంగు తిరిగితేనే మా రంగుమందు మంచిదని లెక్క. పెద్దమ్మ ముక్క తిరగలేదు, అందుకే మాత్రలు పనిచేయవన్నాం."

ఆయన పలకను కిటికీ వెలుగులోకి ఎత్తి, కళ్లు చిట్లించాడు.

"నన్ను వెర్రివాణ్ణి చేయకు. మీదీ తిరగలేదుగా?"

ఆమె పలక అందుకుని చూసింది. నవ్వు ఆగిపోయింది.

"రిపోర్టు ఇటివ్వండి. పరీక్ష మళ్లీ చేయాలి."

తగువుకు వచ్చిన మనిషి కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"ఈసారి ముందు నీ ముక్క చూసుకుని, తర్వాత మా ఆవిడది చూడు తల్లీ."