చెల్లెలి జవాబు

వికలాంగుల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఉద్యోగిని, చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయిని ప్రశ్నలు అడుగుతోంది. జవాబులన్నీ పక్కనున్న అన్నయ్యే చెబుతున్నాడు.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?"

"దానికేం లోటండీ? కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నాం."

"బయటికి వెళ్తుంటావా?"

"దానికి బయట తిరగడం ఇష్టముండదండీ."

ఉద్యోగినికి ఒళ్లు మండింది. "నేనడిగింది మిమ్మల్ని కాదు. కాసేపు వరండాలో కూర్చోండి."

అతను గొణుక్కుంటూ వెళ్లాడు.

"ఇప్పుడు నువ్వే చెప్పు. మా కేంద్రం నీకేం చెయ్యాలి? కొత్త కుర్చీ కావాలా?"

చెల్లెలు తలెత్తింది. కోపంగా తలుపు వైపు వేలు చూపించింది.

"కుర్చీ బాగానే ఉందక్కా. ఈ గది గడియ బయటివైపుంది. పొద్దున్నే పెట్టేసి పనికి పోతారు. ముందు దాన్ని పీకించండి."

ఉద్యోగిని కాగితాలు పక్కన పడేసి లేచింది.

"ఏమండీ, ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా?" అని కేకేసింది.