ఆదివారం కదలని కారు

ఆ కారుకి ఒకటే జబ్బు. సోమవారం నుంచి శనివారం దాకా తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్టవుతుంది. ఆదివారం పొద్దున మాత్రం చచ్చినా కదలదు.

ఆదివారమంటే అక్కగారింట్లో భోజనం. ఆ ఇల్లు ఊరికి అవతల, కారుంటే తప్ప వెళ్ళలేని చోట ఉంది. ఇలా నెల రోజులుగా వెళ్ళడం కుదరకపోయేసరికి అక్క ఫోనులో తేల్చి చెప్పేసింది.

"ఈ వారం కూడా రాకపోతే నాకు తమ్ముడు లేడనుకుంటాను. పన్నెండు మందికి వండాలి. నీ పెళ్ళాం పక్కన లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టుంది."

తమ్ముడు బెదిరిపోయాడు. అక్క అన్నంత పనీ చేసే మనిషి.

"మెకానిక్‌ని పిలుస్తాను" అన్నాడు భార్యతో. "వారం మధ్యలో తీసుకెళ్తే కారు బాగానే ఉందని నవ్వుతున్నాడు. ఆదివారం సెలవైనా సరే, ఈసారి ఇంటికే వచ్చి చూస్తానన్నాడు."

"మెకానిక్ ఎందుకండీ? ఉన్న జబ్బు ఒకటైతే లేనివి నాలుగు చెప్తాడు. కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి కొనుక్కుంటే మీరే చూసుకోలేరా? మా అన్నయ్యకి బల్బు మార్చడం కూడా రాదు. మీకైతే ఏ పనైనా ఇట్టే పట్టుబడుతుంది."

భార్య తన తెలివిని మెచ్చుకోవడం ఆయనకి గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. మెకానిక్‌కి రావద్దని చెప్పేశాడు. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళారు.

షాపాయన మూడు మీటర్లు తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"ఇంటికీ కారుకీ ఎప్పుడో ఒకసారి వాడుకోవడానికైతే ఈ మధ్యది చాలు సార్. ఎన్ని వోల్టులకి పెట్టాలో మీరు చూసుకోనక్కర్లేదు, అదే సర్దుకుంటుంది. వైర్లు మందంగా ఉన్నాయి, షాకు భయం లేదు. ముందు కారులో ఫ్యూజులు చూసుకోండి. బాగున్న ఫ్యూజుకి ఈ రెండు కొసలూ ఆనిస్తే బీప్‌మంటుంది."

"ఆ పెద్దదాని మీద అన్ని గుర్తులున్నాయేం?" ఆవిడ మధ్యలో అందుకుంది.

"అది రిపేర్లు చేసేవాళ్ళదమ్మా. వేడి కొలుస్తుంది, కెపాసిటర్లు చూస్తుంది, ఇంకా బోలెడున్నాయి. ఇంట్లోవాళ్ళు అవన్నీ నేర్చుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది."

"అదే ఇవ్వండి. ఆయన దేన్నయినా లోతుగా చూసే మనిషి."

షాపాయన భర్త వంక చూశాడు. భర్త అప్పటికే పెద్ద మీటరు చేతిలోకి తీసుకుని దాని నాబ్ టకటకా తిప్పుతున్నాడు. షాపాయన బిల్లు రాశాడు.

ఆ సాయంత్రమంతా ఆయన మీటరుతో వచ్చిన పుస్తకం చదువుతూ కూర్చున్నాడు. ఆవిడ టీ పెట్టిచ్చి, రేపటి ప్రయాణానికని కారు సీట్లు దులిపి వచ్చింది.

ఆదివారం పొద్దున కారు కదల్లేదు. ఆయన మాత్రం ఏమీ దిగులుపడలేదు. చొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తాడు. బ్యాటరీకి ఎర్ర వైరు ఒకవైపు, నల్ల వైరు ఒకవైపు ఆనించాడు. పన్నెండున్నర వోల్టులు దాటింది, భేషుగ్గా ఉంది. తర్వాత ఫ్యూజుల డబ్బా మూత తీసి, ఒక్కో ఫ్యూజూ పీకి, బీప్‌మనిపించి, ఎక్కడిదక్కడ గుచ్చాడు. ఆవిడ ఆయనకి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడింది. ఆయన ఆ డబ్బా మీదకి వంగినంతసేపూ ఆవిడ కళ్ళు దాని మీదే ఉన్నాయి.

"ఉన్నవన్నీ బాగున్నాయే. మరి దీనికేం రోగం?" అన్నాడాయన.

"తొందరేముందండీ, నిదానంగా చూడండి."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఎండెక్కేసరికి ఆయన కారుని వదిలేసి ఇంట్లోకొచ్చాడు. గదిగదికీ తిరిగి సాకెట్లు కొలిచాడు. టీవీ రిమోటు విప్పాడు, గోడ గడియారం దింపాడు. టీ ఎంత వేడిగా ఉందో కూడా కొలిచి మరీ తాగాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన ఇంత హుషారుగా లేడు.

సాయంత్రం అక్క ఫోను చేసింది. ఆయన చేతులు ఖాళీ లేవు. భార్యని మాట్లాడమన్నాడు.

"ఏం చెప్పమంటారు వదినా, మళ్ళీ మొరాయించింది. నాకెంత బాధగా ఉందో చెప్పలేను. అంతమందికీ ఒక్కరే వండుకున్నారా? అయ్యో."

"మెకానిక్‌ని పిలిచి తగలడొచ్చుగా?" అంది వదిన.

"ఇప్పుడాయనకి సొంత మీటరుంది కదా వదినా. ఇంకో మనిషిని కారు మీద చెయ్యి వెయ్యనివ్వరట."

ఫోను పెట్టేశాక, పొద్దున ఆయన ఆఫీసుకి కారు కావాలి కాబట్టి, ఆవిడ చీకటి పడకముందే బయటికెళ్ళి, నిన్న సాయంత్రం తాను పీకి దాచిన ఫ్యూజుని, ప్రతి వారంలాగే, మళ్ళీ దాని చోట్లో గుచ్చి వచ్చింది.