జానెడు మందం

"షాబాదు బండ వద్దమ్మా. ఒండ్రు పేరుకొని అయిన రాయి, నాలుగు వానలు పడితే పొరలు పొరలుగ లేస్తది," అన్నాడు మట్టెవాడలో సమాధి రాళ్లు చెక్కే కుమారస్వామి. "గ్రానైటు అట్ల కాదు. భూమి లోపల అగ్గిల కరిగి గడ్డకట్టింది. దానికి పొరే ఉండది."

"పగలదా?" అంది ఏసమ్మ.

"మీ మనవల మనవలొచ్చినా పగలది."

"గదే కావాలె."

పక్కనున్న జోయెల్‌కు కళ్లు చెమర్చాయి. బతికినన్నాళ్లూ తాగొచ్చి తన్నిన మొగుడి పేరు చెరిగిపోకూడదని అమ్మ ఇంతగా కోరుకుంటుందని వాడు అనుకోలేదు.

"అన్నా, బాపు పేరు జర పెద్దగ చెక్కు," అన్నాడు.

"పేరు లేకున్నా పాయె," అంది ఏసమ్మ. "మందమెంత?"

"రెండించులు."

"జానెడు మందంది లేదా?"

"సమాధి మీద అంత బరువు ఎవలన్నా ఏస్తరా అమ్మా? దించాలంటే క్రేను కావాలె."

"తెప్పియ్యి."

"గంత ఎందుకే అమ్మా?" అన్నాడు జోయెల్.

ఏసమ్మ, విరిగి వంకరగా అతుక్కున్న చేత్తో నల్లరాయిని తట్టి చూసింది.

"కడబూర మోగిన్నాడు సచ్చినోళ్లందరు సమాధులల్లకెల్లి లేస్తరని పాస్టరయ్య చెప్పలేదా బిడ్డా? మీ బాపు లేవొద్దు."