ఆరు గిన్నెల పరీక్ష

“ఆ ఫ్యాను ఆపించండయ్యా,” అంది చెంచమ్మ.

నరేంద్రబాబు నవ్వు ఆపుకుంటూ స్విచ్ నొక్కాడు. కావలి హైవే పక్కన అతను కొత్తగా పెట్టిన బీరు కంపెనీ అది. బల్ల మీద ఆరు గిన్నెల్లో ఎండిన హాప్స్ పూలున్నాయి. బీరుకు చేదునీ పరిమళాన్నీ ఇచ్చే ఆ పూలలో మూడు రకాలు, ఒక్కో రకం రెండేసి గిన్నెల్లో. చూపులకు అన్నీ ఒకటే. పేర్ల చీటీలు గిన్నెల అడుగున అంటించి ఉన్నాయి.

సరుకు వచ్చినప్పుడు రకాలు కలిసిపోకుండా చూసే మనిషి కావాలంటే, అక్కడ పనిచేసే రోజారమణి తన ఊరి చెంచమ్మ పేరు చెప్పింది. ముప్పై ఏళ్లు ఎండుచేపలమ్మిన ఆమె ముక్కుకు తిరుగులేదని పూచీ పడింది. మోకాళ్లు అరిగి గంప ఎత్తలేని చెంచమ్మకు కూర్చుని చేసే ఈ పని దొరక్కపోతే ఇక వేరే దారి లేదు.

బెంగళూరు నుంచి వచ్చిన నిపుణుడు ఆనందబాబు అప్పటికే ప్రతి గిన్నెనూ వాసన చూసి, నారింజ తొక్క అనీ, తడిగడ్డి అనీ, మిరియాలనీ వర్ణించి జతలు కలిపాడు. ఒక్క జతే సరిపోయింది.

“ఎండుచేపల ముక్కుకి మా పూలేం తెలుస్తాయి పెద్దమ్మా?” అన్నాడు ఉడుక్కుంటూ.

“చేప నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు నాయనా. చేసినోళ్లంతా మనుషులే.”

చెంచమ్మ కళ్లు మూసుకుంది. ఒక్కో పువ్వునూ వేళ్ల మధ్య నలిపి, ముఖం దగ్గరికి తెచ్చుకుని, తల పక్కకి వాల్చి చాలాసేపు ఆగింది. కలిపిన జతను ఒకసారి విడదీసింది. ఆనందబాబు పెదవి విరిచాడు. రోజారమణి బల్ల దగ్గరికి జరిగింది.

“ఇదీ ఇదీ అక్కచెల్లెళ్లు. ఇవి రెండూ ఒకటి. మిగిలినయ్యి ఎట్టాగూ జతే.”

నరేంద్రబాబు చీటీలు చూశాడు. మూడూ సరిపోయాయి. నమ్మలేక ఆమెను బయట నిలబెట్టి గిన్నెలు తారుమారు చేశాడు. మళ్లీ మూడూ సరిపోయాయి. ఈసారి ఆనందబాబే లేచి ఆమెకు కుర్చీ వేశాడు.

“రేపటి నుంచే రా పెద్దమ్మా,” అన్నాడు నరేంద్రబాబు. “ముందు నీ ముక్కుకి బీమా చేయించాల.”

గేటు దాటగానే రోజారమణి ఆమెను గట్టిగా వాటేసుకుంది. చెంచమ్మ మాత్రం ఒక్కో రకానికి ఒక్కో తీరుగా వేళ్లకంటిన జిగట పొడిని ఇంకా నలుపుతూనే, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగింది.

“నాకు వాసన తెలియక అయిదేళ్లాయెనే రమణీ, ఇంతకీ ఆ పూలు ఏ వాసనొస్తాయి?”